పటం చెప్పని మాట

"ఆ బొమ్మను ముందుగాల గోడకెళ్లి దించు మాలతీ. దాన్ని చూస్తుంటే నా కడుపు మండుతున్నది."

ఈదమ్మ పాన్‌గల్ నుంచి తొలి బస్సుకే వచ్చింది. వనపర్తి బస్టాండులో దిగి, ఆటో కూడా ఎక్కకుండా నడిచొచ్చి, చెప్పులతోనే తమ్ముడి ఇంటి ముందుగదిలోకి దూరింది. ముందుగది అంటే మరదలు మాలతి బ్యూటీ పార్లరే. రెండు కుర్చీలు, పడుకోబెట్టే మంచం, అద్దాలు, ఎదురుగా గోడ మీద నిలువెత్తు పటం.

పటంలో ఓ ఆడమనిషి ముఖం. నుదుటి మీద గుండె, ముక్కు మీద పొట్ట, చెంపల మీద కాలేయం, ఊపిరితిత్తులు, గడ్డం మీద మూత్రపిండాలు, గర్భసంచి. లోపల ఏ అవయవం అలిగితే ఆ చోట చర్మం మీద తెలిసిపోతుందట. చీనా వైద్యులు అలాగే చూస్తారని హైదరాబాదులో పన్నెండు రోజుల శిక్షణలో మాలతికి చెప్పారు. పన్నెండు రోజుల్లో జొన్నరొట్టె గుండ్రంగా తట్టడం కూడా రాదు, ఆ సంగతి ఎవరూ అడగలేదు.

వనపర్తి ఆడవాళ్లు మాత్రం ఆ పటానికి ఇట్టే అలవాటుపడ్డారు. వేడి చేసింది, చలువ చేసింది అనే మాటలు మనకేమన్నా కొత్తవా? చీనావాళ్లూ అవే అంటారని తెలిసి సంబరపడ్డారు. మాలతి నున్నటి పచ్చరాయితో ముఖం మీద పైకి గీస్తూ, నాలుక చాపమని చూసి, "లోపల వేడి ఉన్నది అక్కా" అంటే, ఇంటికి పోయి నలుగురికి చెప్పుకునేవాళ్లు.

"కూసో వదినె. నీళ్లు తెస్త" అంది మాలతి.

"నీళ్లు నువ్వే తాగు. గొంతు తడుపుకొని ఇంకో నాలుగు మాటలు చెప్పు. కొల్లాపూరోళ్లకు చెప్పినయి తక్కువైనట్టున్నయి."

రాఘవేందర్ సగం గీసుకున్న గడ్డంతో లోపలి నుంచి వచ్చాడు. "ఏమైందక్కా? పొద్దుగాల పొద్దుగాల..."

"ఏమైందా? నాగేంద్రమ్మ ఫోన్ చేసింది. పెండ్లి పత్రికలు అచ్చు కొట్టియ్యకుర్రి అన్నది. పిల్లను దవాఖానకు తోల్కపోయి కడుపు స్కానింగు తీపియ్యాలెనంట. ఆ కాగితం ఆమె చేతిల పెట్టినంకనే లగ్గమంట. నా బిడ్డ ఏమన్న సంతల ఎడ్లతోని నిలవడ్డదారా, పండ్లు చూసి కొననీకి?"

"ఆమెకు గింత అనుమానం ఎందుకొచ్చింది?"

"గదే నీ పెండ్లాన్ని అడుగు."

రాఘవేందర్ మాలతి వైపు తిరిగాడు. మాలతి మడత పెట్టి ఉన్న టవల్‌ను విప్పి మళ్లీ మడత పెట్టింది.

జరిగింది ఇదీ. పెళ్లికి ముందు పిల్లను ముస్తాబుకు తీసుకుపోవడం మగపెళ్లివారి మర్యాద. పోయిన ఆదివారం నాగేంద్రమ్మ ఆ మర్యాద కోసమే కొల్లాపూర్ నుంచి వచ్చింది. కొడుకు రంజిత్‌కు చేసుకోబోయే శ్రుతిని, అంటే ఈదమ్మ కూతుర్ని, వెంటబెట్టుకుని ఇక్కడికే వచ్చింది. పిల్ల మేనమామ ఇంట్లోనే పార్లర్ ఉండగా ఇంకో చోటుకు పోవడం దేనికి?

మాలతి శ్రుతిని పడుకోబెట్టి పెసరపిండి, ముత్యాల పొడి కలిపిన పూత వేసింది. అది ఆరేలోగా నాగేంద్రమ్మ పటం ముందు నిలబడి నవ్వింది. "గీ బొమ్మతోని ఏం తెలుస్తది? గంత ఇకమతు, గంత తెలివి ఉంటే మా కోడలి మొకంల ఏమున్నదో చెప్పు సూద్దాం" అంది.

మాలతి చెప్పింది. పూత మీద, గడ్డం దగ్గర వేలు పెట్టి చెప్పింది. "ఈడ పూత కింద గింజలున్నయి, ఇందాక చూసినవా అక్కా? గర్భసంచిల తేడా ఉంటే ఈడనే లేస్తయి. ఈ పిల్లకు నెల నెల సక్కగ రాదు."

"నిజమేనా బిడ్డా?" అని నాగేంద్రమ్మ శ్రుతిని అడిగింది.

పూత ఆరేటప్పుడు పెదవి కదపకూడదని, కదిపితే చర్మం మీద గీతలు పడతాయని అంతకు ముందే మాలతి గట్టిగా చెప్పి ఉంది. శ్రుతి పెదవి కదపలేదు. నాగేంద్రమ్మ దాన్ని ఔననుకుంది. నోరా, వీపుకు దెబ్బలు తేకే అని ఊరికే అన్నారా! ఇక్కడ నోరు మాలతిది, వీపు శ్రుతిది. అదీ అన్యాయం.

"చెప్పినవా గట్ల?" రాఘవేందర్ అడిగాడు.

"చెప్పిన."

"ఎందుకు చెప్పినవే?"

మాలతి దగ్గర జవాబు ఉంది. అది చెప్పేదైతే కాదు.

రాఘవేందర్ చెంప మీది నురుగు ఆరిపోయింది. చివరికి ఆయనే అన్నాడు. "సరే, అయ్యిందేదో అయ్యింది. ఒక పని చేద్దాం. మాలతి కొల్లాపూర్ పోయి, గా తేడా చిన్నదే, నా రాయి వైద్యంతోని నయమైంది అని చెప్తది. పటమూ అబద్ధం కాదు, పిల్లకూ రోగం లేదు. రెండు దిక్కుల మర్యాద నిలవడ్తది."

"నిలవడేది నీ పెండ్లాం దుకాణం! నా బిడ్డకు రోగముండె అని మేమే ఒప్పుకున్నట్టు కాదా? నీకు చెల్లె లేదు, బిడ్డ లేదు. ఆడిపిల్ల మీద ఒక మాట పడితే ఎంత దూరం పోతదో నీకేం ఎరుక?"

జైనబ్ అప్పటికే గుమ్మంలో ఉంది. పార్లర్ పెట్టిన నాటి నుంచి మాలతి దగ్గర పనిచేస్తున్న మనిషి. బుర్ఖా తీసి మడతపెట్టి, కొక్కేనికి తగిలించి, ఎవరూ అడక్కుండానే మాట కలిపింది.

"మాలతక్కా, ఒక మాట అంట, గుస్సా కాకు. గా దినం శ్రుతి కండ్లల్ల నీళ్లొచ్చినయి. పూత మీద చార పడ్డది. నేను నీకు చూపిచ్చిన గదా?"

మాలతి తల ఎత్తలేదు.

"నువ్వేమన్నవ్? ముత్యాల పొడి జర మండుతది, గదే అన్నవ్."

ఈదమ్మ మాలతి ముఖంలోకి చూసింది. అరుపు మానేసింది. ఆమె అరవకపోవడం అరుపుల కంటే ఎక్కువ తగిలింది మాలతికి.

"పిల్ల ఏది?" అన్నాడు రాఘవేందర్.

"బయట మెట్ల మీద కూసున్నది. లోపలికి రానన్నది. బడికి సెలవు పెట్టిచ్చి గుంజుకొచ్చిన."

శ్రుతిని లోపలికి పిలిచింది మాలతే. వంటింట్లోకి తీసుకుపోయింది. చాయ్ పెడతాననే సాకు దొరికింది. స్టవ్ వెలిగించి, గిన్నె పెట్టి, నీళ్లు పోయడం మరిచిపోయింది. శ్రుతే గిన్నె దించి పక్కన పెట్టింది.

తెలకపల్లి గురుకులంలో లెక్కలు చెప్పే పిల్ల. తక్కువ మాట్లాడుతుంది, మాట్లాడితే లెక్క తప్పదు.

"అత్తా, నువ్వు నా గడ్డం చూసి చెప్పినవా?"

మాలతి స్టవ్ ఆర్పేసింది.

"చెప్పు అత్తా. గింజలు చూసి చెప్పినవా?"

"లేదు బిడ్డా."

లేదు. పోయినేడు శ్రుతి నెలలు తప్పుతున్నాయని భయపడింది. తల్లికి చెప్పలేక, ఒకనాడు బడి నుంచే మాలతికి ఫోన్ చేసింది. వనపర్తిలో అయితే తెలిసినవాళ్లు ఎదురుపడతారని మాలతే ఆమెను నాగర్‌కర్నూల్ తీసుకుపోయి డాక్టరమ్మకు చూపించింది. థైరాయిడ్ అన్నారు. రోజుకో గోలీ వేసుకుంటే చాలు, రేపు పెళ్లయినాక పిల్లలకు అడ్డేమీ లేదు అని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. తిరుగు బస్సులో శ్రుతి మాలతి చెయ్యి పట్టుకుని, "అమ్మకు చెప్పకు అత్తా, ఆగమాగమైతది" అంది. "నా పానం బోయినా చెప్ప" అంది మాలతి.

పన్నెండు నెలలు ఆ మాట దాచింది కూడా. దాచి, దాచి, పటం గొప్ప నిలబెట్టుకోవడానికి ఒక్క నిమిషంలో పారబోసింది. పెదవి దాటితే పృథివి దాటుతుంది. ఈ మాటకు కొల్లాపూర్ దాటడానికి నాలుగు రోజులు పట్టింది.

"ఆమె నవ్వింది బిడ్డా" అంది మాలతి. "పటం చూసి ఎకసెక్కంగ నవ్వింది. నాకు రోషమొచ్చింది. గప్పుడు నువ్వు యాదికొచ్చినవ్. నోట్లకెళ్లి వచ్చేసింది."

"నేను యాదికొచ్చుడేంది అత్తా? నేను నీ ముందట్నే పండుకొని ఉన్న గదా."

మాలతి గోడకు ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపు బయటికి వస్తే ఆడబిడ్డ లోపలికి వస్తుంది. సిగ్గుతో ముఖం కాలిపోతోంది. ఇంతకంటే సిగ్గుచేటు ఇంకోటి ఉంది. ఆ ఆదివారం, నాగేంద్రమ్మ నోరు తెరిచి "అబ్బో" అన్నప్పుడు, తనకు సంతోషమైంది. పూత మీద చార చూసి కూడా సంతోషమైంది. అది శ్రుతికి చెప్పలేదు.

"ఏడ్వకు" అంది శ్రుతి. ఓదార్చినట్టు లేదు. "అమ్మ వింటది."

"ఏం చెయ్యమంటవ్ చెప్పు. ఏం చెయ్యమంటే గది చేస్త."

"నాకేం తెల్వదు. రంజిత్ మంచోడే. ఫోన్ల మాట్లాడుతుంటడు. గీ సంగతి పెండ్లి కంటే ముందుగాల నేనే చెప్దామనుకున్న. ఏ మాట ముందుగాల చెప్పాలె, ఏ మాట ఎన్క చెప్పాలె అని అన్నీ మనసుల పెట్టుకున్న. నువ్వు నా నోట్లకెళ్లి గుంజుకున్నవ్ అత్తా."

"నేను పోత. పటం అబద్ధమని ఆమె ముందట్నే చెప్త. నాకు ఏం రాదని చెప్త. నీ మీద మాట పడనియ్య."

శ్రుతి ఔనని అనలేదు, వద్దనీ అనలేదు. గిన్నెలో నీళ్లు పోసి స్టవ్ మీద పెట్టింది.

మధ్యాహ్నానికి రాఘవేందర్ కారులో నలుగురూ బయల్దేరారు. పాన్‌గల్ దాటేటప్పుడు ఈదమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుని కిందికి వంగింది. సొంత ఊళ్లో, తన వాళ్ల కళ్ల నుంచే దాక్కుంది. పక్కనే కూర్చున్న మాలతి అది చూసి కిటికీ వైపు తిరిగింది.

కొల్లాపూర్‌లో నాగేంద్రమ్మ ఇంటి వాకిట్లో మామిడికాయల పని నడుస్తోంది. ఏడెనిమిది మంది ఆడకూలీలు వరిగడ్డి పరిచి కాయలు పెట్టెల్లో సర్దుతున్నారు. నాగేంద్రమ్మ పెనిమిటి బాలయ్య మచ్చ పడ్డ కాయల్ని ఏరి అవతల పెడుతున్నాడు. రంజిత్ పెట్టెలు బండి ఎక్కిస్తున్నాడు. శ్రుతిని చూసి నిలబడిపోయాడు, తల్లి వైపు చూసి మళ్లీ పెట్టె ఎత్తాడు.

"రా వదినె" అంది నాగేంద్రమ్మ ఈదమ్మతో. కుర్చీలు వేయించింది. మర్యాదకు లోటు చేయలేదు. "రిపోర్టు తెచ్చిండ్రా?"

"జర లోపల మాట్లాడుకుందాం అక్కా" అంది మాలతి.

"లోపలేం పని? నువ్వు గా దినం చెప్పింది లోపల చెప్పినవా? దుకాణంల, ఇంకో ఇద్దరు ఆడోళ్లు వింటుండంగ చెప్పినవ్. ఈడనే చెప్పు."

కూలీల చేతులు నెమ్మదించాయి. మాలతి నిలబడే చెప్పింది. కూర్చుంటే మాట రాదనిపించింది.

"గా దినం నేను చెప్పింది అబద్ధం అక్కా. గడ్డం మీద గింజలుంటే గర్భసంచి ఖరాబున్నట్టు కాదు. వయసుల అందరికీ లేస్తయి. నాది పన్నెండు దినాల సదువు. రాయితోని మొకం రుద్దనీకి వస్తది, పూత పెట్టనీకి వస్తది. గంతే. రోగం చెప్పనీకి రాదు. నువ్వు నవ్వినవని గొప్పలకు పోయిన."

కూలీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. రాఘవేందర్ కారు తాళం చెవి వైపు చూసుకుంటూ నిలబడ్డాడు.

"మరి నా నాలిక చూసి లోపల వేడి ఉన్నదంటివి? గా దినం సంది పచ్చిమిరపకాయ బంద్ చేసిన. సప్పిడి కూర తినలేక సస్తున్న. అది గూడ అబద్ధమేనా?"

"అది గూడ నాకు తెల్వదక్కా."

ఈసారి బాలయ్య కూడా నవ్వాడు. నాగేంద్రమ్మ నవ్వలేదు.

"గిట్ల ఎంతమందికి చెప్పినవ్?"

తిడుతుందని, వెళ్లగొడుతుందని, ఊరంతా చాటుతుందని, అన్నిటికీ గుండె రాయి చేసుకుని వచ్చింది మాలతి. ఈ ఒక్క ప్రశ్న అనుకోలేదు. ఎంతమంది? తను ఎవరి గడ్డం చూసి గర్భసంచి అందో వాళ్లు, ఎవరి చెంప చూసి కాలేయం అందో వాళ్లు, అది విని రాత్రంతా నిద్ర పట్టలేదని మర్నాడు ఫోన్ చేసినవాళ్లు. ముఖాలు గుర్తొస్తున్నాయి గానీ ఎంతమందో గుర్తు రావడం లేదు.

"తెల్వదక్కా" అంది.

నాగేంద్రమ్మ ఆమెను చాలాసేపు చూసింది. చెడ్డమనిషి కాదు. చేతిలో కాయ పెట్టినా, కోడల్ని తెచ్చినా, తిప్పి చూసుకునే రకం. "ఇంతమంది ముందట ఒప్పుకున్నవ్. అందరితోని కాదు గది" అంది. "అయితే పిల్లకు ఏం లేదంటవ్?"

"ఏం లేదక్కా."

"నెల నెల సక్కగనే వస్తది?"

ఇక్కడ ఆగిపోయి ఉంటే బాగుండేది. మాలతి శ్రుతి వైపు చూసింది. శ్రుతి నేల వైపు చూస్తోంది.

"వస్తది" అంది మాలతి.

"సరే. స్కానింగు నేనడుగ. రేపే పత్రికలు కొట్టిస్త. ఒక్కటి చెయ్యి. అలంపురం దిక్కు తిరిగి జోగులాంబ తల్లి మీద ఒట్టు పెట్టు. పటం మీద నమ్మకం పోయింది, తల్లి మీద పోలే నాకు."

"పెట్టు మాలతీ" అంది ఈదమ్మ. పొద్దుటి నుంచి మొదటిసారి ఆమె గొంతుకు ప్రాణం వచ్చింది. లేచి వచ్చి మాలతి భుజం మీద చెయ్యి కూడా వేసింది. "నిజమే గదా, దానికేముంది? పెట్టు. గీ ఒక్కటి చేస్తే నేను అన్నీ మర్సిపోత."

పాపం, ఆమెకేం తెలుసు! పెట్టకపోతే పిల్ల పెళ్లి పోతుంది. పెడితే అమ్మవారి మీద దొంగ ఒట్టు. ఒక అబద్ధం కడుక్కోవడానికి వచ్చి ఇంకో అబద్ధంలో కాలు పెట్టింది మాలతి. ఆ తల్లి తననేం చేసినా సరే అనుకుంది. అలంపురం ఏ దిక్కో బాలయ్య చూపించాడు. మాలతి అటు తిరిగి చెయ్యెత్తింది.

"ఒట్టు పెట్టకు అత్తా."

శ్రుతి గొంతు పెద్దది కాదు. అయినా వాకిలంతా వినిపించింది.

"ఆమె నా మొకం చూసి చెప్పలే. నేను చెప్పుకున్నదే చెప్పింది" అంది శ్రుతి, నాగేంద్రమ్మతో. "పోయినేడు నాగర్‌కర్నూల్ల చూపిచ్చుకున్న. థైరాయిడ్ ఉన్నది. గోలీ ఏస్కుంటున్న. పిల్లలకు ఏం ఢోకా లేదన్నది డాక్టరమ్మ. గా కాగితం నా దగ్గరున్నది. కావాలంటే సూడుర్రి, వద్దంటే వద్దు."

ఈదమ్మ చెయ్యి మాలతి భుజం మీద నుంచి జారిపోయింది.

"నాకు చెప్పలే?" అంది కూతురితో. నాగేంద్రమ్మను మరిచిపోయింది, పెళ్లిని మరిచిపోయింది. "ఆమెకు చెప్పుకున్నవ్. కన్నదాన్ని, నాకు చెప్పలే?"

రంజిత్ పెట్టె దించి బండి దగ్గర నుంచి నడిచొస్తున్నాడు.

"నువ్వు లోపలికి పోరా" అంది నాగేంద్రమ్మ.

అతను పోలేదు. శ్రుతికి నాలుగడుగుల దూరంలో ఆగాడు. చేతులకంటిన మామిడి సొన చొక్కాకు తుడుచుకున్నాడు.

"నాకు ఎప్పుడు చెప్దామనుకున్నవ్?" అని అడిగాడు.

"పోయిన ఆదివారం" అంది శ్రుతి. "పార్లర్‌కెళ్లి రాంగనే."

ఒట్టు కోసం ఎత్తిన చెయ్యి మాలతి ఇంకా దించలేదు.